గోదావరి అత్తగారింటికి ఐదు సేర్ల బియ్యం

పడవ మీద వంటవాడిగా బతికానంటే నాందేడ్‌లో ఎవరూ నమ్మరు. ఇప్పుడు స్టేషన్ దగ్గర నాకో చిన్న మెస్ ఉంది. మధ్యాహ్నం జొన్నరొట్టె, శనగపిండి పిఠలా, రెండు కూరలు, అన్నం. తినడానికి వచ్చేవాళ్ళు మరాఠీలో అడుగుతారు, నేను సగం తెలుగులో జవాబిస్తాను, ఇద్దరికీ కడుపు నిండుతుంది. గల్లా వెనక గోడకు ఒక తెల్ల పడవ ఫోటో పెట్టుకున్నాను. "ఏ క్యాలెండర్ల చింపినవ్ అన్నా ఇది?" అని అడుగుతారు. దాంట్లో మూడేళ్ళు ఉన్నానంటే నవ్వి ఇంకో రొట్టె వేయమంటారు. నవ్వనీ. మా ఊరివాడు సముద్రం మీద ఉన్నాడని ఎవరైనా చెబితే నేను కూడా నవ్వేవాడినే.

మాది బాబ్లీ పక్క ఊరు, ధర్మాబాద్ తాలూకా, గోదావరి ఒడ్డు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగట్లో ఏది అక్కరకొస్తే అది. నన్ను పెంచింది మా మేనత్త, నాయనకు అక్క. ఆమెను దెగ్లూర్ వైపు ఇచ్చారు. నాలుగేళ్ళకు మామ పోయాడు. పిల్లలు లేరు. తమ్ముళ్ళు పోయి తీసుకొచ్చారు. అప్పటినుంచి ఆమె మా ఇంటి మనిషి. అమ్మానాయనలు పొలానికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది ఆమే. నోరు పెద్దది. ఒకరి మాట పడదు, తన మాట కింద పడనివ్వదు. నాకు ఆ నోరే వచ్చిందని నా భార్య అంటుంది. వస్తే వచ్చింది, నేనేమీ సిగ్గుపడను.

చిన్నప్పుడు ఒక్క ప్రశ్నతో అందరి తలలు తినేవాణ్ణి.

"అత్తా, ఈ నీళ్ళు యాడికి పోతయే?"

"యాడికి పోతయిరా, అత్తగారింటికి పోతయి."

"గోదారికి అత్తగారిల్లు యాడుంది?"

"సముద్రం కాడ."

"నువ్వు చూసినవా?"

"నేను నా అత్తగారిల్లే సక్కగ చూడలే. పో, బర్రెకు తవుడు కలుపు పో."

బడి గోడకు మహారాష్ట్ర పటం ఉండేది. నాసిక్ దగ్గర మొదలైన నీలిగీత వంకరటింకరగా వచ్చి, మా తాలూకా దాటగానే పటం అంచుకు తగిలి ఆగిపోయేది. ఆ అవతల తెల్ల కాగితం. ఆ తెల్ల కాగితంలో ఏముందని గురూజీని అడిగితే "తే పరీక్షేలా నాహీ, బస్" అన్నారు. పరీక్షకు రాదు, కూర్చో అని. నేను కూర్చున్నాను గానీ ఆ తెల్ల కాగితం మాత్రం నన్ను వదల్లేదు. పెద్దయ్యాక అందరికీ ముంబయి చూడాలని, దుబాయి పోవాలని ఉండేది. నాకు ఆ గీత ఎక్కడ తేలుతుందో చూడాలని ఉండేది. ఎవరితోనూ అనలేదు. అంటే పిచ్చోడనుకుంటారు.

మా దిక్కు ఆడబిడ్డకు ఒడిబియ్యం పోస్తారు. పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, ఒక రవికగుడ్డ కొంగులో పోసి అత్తగారింటికి సాగనంపుతారు. ఆమె అక్కడ ఆ బియ్యం వండి, చుట్టాలను, ఇరుగుపొరుగును పిలిచి పెడుతుంది. మా పుట్టింటివాళ్ళు నన్ను మరువలేదని నలుగురికీ చూపినట్టు. గోదావరి కూడా మాకు ఆడబిడ్డే కాబట్టి ఆమెకూ పోస్తారు. దీపావళి వెళ్ళాక మా ఊరి ఆడవాళ్ళు గంపలెత్తుకుని ఒడ్డుకు పోయి, ఒక్కొక్కరు ఇన్ని గుప్పిళ్ళు నీళ్ళలో పోసి, దండం పెట్టుకుని వస్తారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, మా ఊరి పక్కన నదికి అడ్డంగా కట్టిన బాబ్లీ బంధారా గేట్లు దించుతారు. వానాకాలమంతా ఎత్తే ఉంటాయి. వానలు వెనకపట్టాక దించితే పైన నీళ్ళు నిలుస్తాయి, కింద రాళ్ళు తేలతాయి. తెలంగాణ వైపు చుట్టాలు పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు "నీళ్ళన్నీ మీరే దాచుకున్నరు, పప్పులనన్న జర పల్చగ పోయుండ్రి" అని దెప్పుతారు. మాకు పంట ఆ నీళ్ళతోనే, మేమూ నాలుగు అంటాం. అత్తకు మాత్రం బాధ వేరే. "ఒడి నింపుతరు, వెనకనే తలుపుకు గొళ్ళెం పెడ్తరు. గిదేం సాగనంపుడురా? బిడ్డను పంపుతున్నరా, పట్టి కూసోబెడుతున్నరా? ఆ బియ్యం సగం దూరం గూడ పోవు. ఈడనే చేపలు తింటయి" అనేది. ప్రతి ఏడూ అనేది.

ఆ బియ్యం కడిగి ఆరబోసేది అత్త. పసుపు, నెయ్యి పట్టించేది అత్త. గంపలో సర్దేది అత్త. ఒడ్డుకు పోయాక మాత్రం ఆమె వెనక నిలబడాలి. భర్త పోయిన మనిషి చేతితో ఒడిబియ్యం పోయకూడదు. ఆమెకు పుట్టింట్లో మళ్ళీ పోసిందీ లేదు. ఒకసారి, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, ఆమె తెలియకుండానే గంపలో చెయ్యి పెట్టింది. మా ఇంటి పెద్దావిడ ఒకామె ఆమె మోచెయ్యి పట్టుకుని చిన్నగా వెనక్కి జరిపింది. కోపంగా కాదు, ప్రేమగానే జరిపింది. అందుకే నాకు ఎక్కువ మండింది. అంత నోరున్న అత్త ఆ రోజు ఒక్క మాట అనలేదు.

నేను పది తర్వాత చదువు ఆపి నాందేడ్‌లో హోటల్ వంట నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక రెండు గదులు అద్దెకు తీసుకుంటే అత్త కూడా మాతో వచ్చేసింది. పదేళ్ళు హోటళ్ళలో చేశాక, ముంబయిలో కిరాయి పడవలు నడిపే ఒకాయనకు వంటవాడు కావాలని తెలిసి పోయాను. యాట్ అంటారు దాన్ని. తెరచాప ఉంటుంది, ఇంజనూ ఉంటుంది. కింద నాలుగు పడకగదులు, ఒక వంటగది. డబ్బున్నవాళ్ళు రోజుల లెక్కన కిరాయికి తీసుకుంటారు. మేము నలుగురం పనివాళ్ళం. మొదటి వారం నేను వండింది తక్కువ, కక్కింది ఎక్కువ. అక్కడ పొయ్యి కూడా ఊగుతుంది. పడవ అటు ఒరిగితే పొయ్యి ఇటు ఒరిగి గిన్నెను నిలబెడుతుంది. వంటవాడిని నిలబెట్టేది ఏదీ లేదు. నడుముకు పట్టా కట్టుకుని కొక్కేనికి తగిలించుకుని ఉల్లిగడ్డలు తరగాలి. ఏడాది తర్వాత యజమాని పడవను విశాఖపట్నానికి మార్చాడు. మాటకు తెలుగు దేశం వచ్చింది గానీ, నా తెలుగు విని అక్కడివాళ్ళు హిందీలో జవాబిచ్చేవాళ్ళు.

మూడో ఏడు జనవరిలో సెలవు మీద నాందేడ్ వచ్చి ఉన్నాను. కెప్టెన్ ఫోన్ చేశాడు. ఆయనది భీమిలి వైపు, సముద్రం మీదే పుట్టినట్టు ఉంటాడు.

"హైదరాబాదోళ్ళు ఆరుగురు, ఆరు రోజులు. కాకినాడ మీంచి అంతర్వేది దాకా. గోదారి కలిసేకాడికి సముద్రం మీంచి ఎల్లి చూస్తారట. సరుకులు రాసుకో" అన్నాడు.

ఏటి, లైను పోయిందా అని ఆయన రెండుసార్లు అడిగాడు.

ఫోన్ పెట్టేసి అత్త దగ్గరికి పోయాను. వెల్లుల్లి ఒలుస్తోంది.

"అత్తా, గోదారి అత్తగారింటికి పోతున్న."

"మజాకులు చెయ్యకు."

"నిజంగనే. పడవ ఆడికే పోతుంది."

చేతిలో వెల్లుల్లి చాటలో వేసింది. "ఉత్త చేతుల్తోని పోతవా మరి?" అంది.

మరునాడు బియ్యం తెప్పించింది. ఐదు సేర్లు. తానే ఏరింది, తానే కడిగి మిద్దె మీద ఆరబోసి కాపలా కూర్చుంది. పసుపు, నెయ్యి పట్టించింది. కుడుకలు ఐదు, ఖర్జూరాలు ఐదు, ఒక ఆకుపచ్చ రవికగుడ్డ. కొత్త తెల్ల గుడ్డ పరిచి ఇక పోయబోతుంటే నా భార్య మంచి మనసుతోనే "అత్తమ్మా, నేను పోస్త, మీరు పక్కన కూసోండ్రి" అంది.

"ఇన్నేండ్లు పక్కకే కూసున్న బిడ్డా. ఇగ చాలు" అంది అత్త.

ఐదు గుప్పిళ్ళు తానే పోసింది. మిగతాది సోలతో కొలిచి పోసింది. మూట కట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, నా చేతిలో పెడుతూ నిలబెట్టి చెప్పింది. "నది, సముద్రం కలిసేకాడ దిగు. మూట ఇప్పి ఒంపు. నడిమిట్ల ఇంకెవ్వరి చెయ్యి పడొద్దు. నా చేతిలకెల్లి ఆమె ఒడిలకే పోవాలె. నేను పంపిన అని చెప్పు."

"గోదారి అడుగుతదా అత్తా?"

"అడగదు. నువ్వే చెప్పు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు సహకరించవు, రెండోసారి ఇలాంటి అవకాశం రాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని విశాఖ రైలెక్కాను. పై బెర్తు మీద అది పడుకుంది, నేను కూర్చున్నాను.

పడవలో డబ్బాను వంటగది అరలో తాడుతో కట్టి పెట్టాను. మొదటి రోజే అతిథుల్లో పెద్దమ్మగారు చాయ్ కోసం కిందికి వచ్చి, మూత తీసి చూసి, "పులిహోరకు అప్పుడే కలిపేశావా బాబూ" అంది. ఆమె చేతిలోంచి మూత లాక్కున్నంత పని చేశాను. ఆమె భయపడింది. తర్వాత నిజంగానే పులిహోర చేసి పెట్టి క్షమాపణ చెప్పుకున్నాను.

కెప్టెన్ వదల్లేదు. "ఏటా డబ్బా? బంగారమేటి?" అన్నాడు. చెప్పాను. ఆయన చుట్ట తీసి నవ్వాడు. "గోదారికి ఒక మొగ కాదురా, ఏడు పాయలంటారు. మీ పిల్లని ఏడిళ్ళకిచ్చేరేటి?" నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రి ఆయన చారులో ధర్మాబాద్ మిరపకారం ఒక చెంచా ఎక్కువ పడింది. పొరపాటున పడిందనే చెప్పాను.

నది సముద్రంలో కలిసేచోటుని వాళ్ళు మొగ అంటారు. మూడు రోజులు గాలి బాగుంది. కాకినాడ దాటాక నీళ్ళ రంగు మారింది. నీలం పోయి ఆకుపచ్చ వచ్చింది, నాలుగోరోజు పొద్దున చూస్తే చాయ్ రంగు. బకెట్ వేసి తోడి నోట్లో పోసుకున్నాను. ఉప్పే. అయినా అడుగున సన్నటి ఒండ్రు మిగిలింది. వేలితో తీసి రుద్ది చూశాను. మా పొలం మట్టా, ఎవరి పొలం మట్టా అని అడిగితే నేనేం చెప్పగలను, కానీ చెయ్యి కడుక్కోబుద్ధి కాలేదు.

ఆ పొద్దునే దక్షిణం నుంచి కెరటం మొదలైంది. దూరంగా గీతలా ఒడ్డు కనిపిస్తోంది. కెప్టెన్ దుర్బిణి పెట్టి చాలాసేపు చూసి అతిథులకు చెప్పాడు. "మొగ కాడ కెరటం ఇరుగుతంది. కింద ఇసకమేటలు. మన పడవకి ఆరడుగుల లోతు కావాల. ఎల్లలేం. ఇక్కడే లంగరేసి, మజ్జాన్నం తిని తిరిగిపోదాం."

అతిథులకు బాధేమీ కలగలేదు. ఒడ్డు వెనకాల పెట్టుకుని ఫోటోలు తీసుకున్నారు. పెద్దమ్మగారు ఇక్కడ రొయ్యలు బాగుంటాయట కదా అంది. అంతే వాళ్ళ సంగమం. నేను కిందికి పోయి గిన్నెలు విసిరాను. పాతికేళ్ళుగా అనుకున్న చోటు కళ్ళ ముందుంది, నా చేతిలో మా అత్త చేతి బియ్యం ఉంది, నడుమ కొన్ని మైళ్ళ నీళ్ళు. ఇక్కడే ఒంపేసి, సంగమంలో ఒంపానని చెబితే ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆ ఆలోచన నాకు వచ్చింది. దాచడమెందుకు, వచ్చింది. డబ్బా తాడు కూడా విప్పాను. మూట మీద ముడి చూశాక మళ్ళీ కట్టేశాను.

పైకి వచ్చి కెప్టెన్‌తో అన్నాను. "నేను పోవాలె."

"నీకు జీతమిచ్చేది వండడానికి."

"జీతం మీరే ఉంచుకోండ్రి."

"ఉంచుకుని? నీకు బదులు నేనొండాలేటి?" అన్నాడు. అటు తిరిగి కాసేపు నీళ్ళను చూశాడు. ఒక చేపల పడవ ఒడ్డు వైపు పోతోంది. చెయ్యెత్తి దాన్ని పిలిచాడు. "అమ్మగారు రొయ్యలడిగేరు కదా. ఎల్లి తే. మూడు గంటలు. నాలుగో గంట పడితే నిన్నిక్కడే ఒగ్గేసి లంగరెత్తేస్తాను" అన్నాడు నా మొహం చూడకుండా. చారులో కారం గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

ఆ పడవలో ఇద్దరు అన్నదమ్ములు. మా పడవ పైకి లేస్తే వాళ్ళది కిందికి పోతోంది. డబ్బా పొట్టకు కట్టుకుని దూకాను. మొగ దగ్గర కెరటం ఇంటి గోడంత లేచింది. పెద్దవాడు ఇంజను తగ్గించి, మూడు కెరటాలు పోనిచ్చి, నాలుగోదాని వీపు మీద పడవను తోలాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి. అక్కడినుంచి నది.

దిగాను. ఒక ఇసకదిబ్బ. ఆరేసిన వలలు, పీతల బొరియలు, అవతల సరుగుడు తోట, నాలుగు ఇళ్ళు. అంతర్వేది గుడి ఇంకా లోపలికి ఉందన్నారు. ఇక్కడ బోర్డు కూడా లేదు. ఒక పక్క నది, ఒక పక్క సముద్రం, నడుమ నురగ గీత ఒకటి అటూ ఇటూ జరుగుతోంది. నది ఎంత వెడల్పుందంటే మా బాబ్లీ గోదావరి పదో ఇరవయ్యో పడతాయి. చూస్తూ నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. బడి గోడ మీద పటం అంచు గుర్తొచ్చింది. అవతల తెల్ల కాగితం కాదు, ఇంత ఉంది.

మోకాళ్ళ లోతు దిగి మూట విప్పుతుంటే వెనకనుంచి ఒకామె కేకేసింది.

"ఏవండోయ్, ఏంటండీ అయ్యి పారబోత్తున్నారు?"

చేపలు ఎండబెడుతున్న మనిషి. ఆ అన్నదమ్ముల తల్లి. అత్త వయసుకు రెండు మూడేళ్ళు తక్కువ ఉంటుంది. ఒడ్డుకు వచ్చి చెప్పాను. మా ఊరు గోదావరి మీద ఎంతో పైన ఉందని, గోదావరి మాకు ఆడబిడ్డ అని, ఇవి ఒడిబియ్యమని, మేనత్త పంపిందని.

"సారెండీ?" అంది.

"మీ దిక్కు గట్లనే అంటరేమో."

"అయితే మీరు పుట్టింటోరన్నమాట." నన్ను పైనుంచి కిందికి చూసింది. "మరి పుట్టింటోరు సారె తెచ్చి వీధిలో కుమ్మరించేసి పోతారేంటండీ? ఇంట్లోకి రారా?"

"ఇల్లేదమ్మా?"

"ఇదేనండి ఇల్లు" అని సరుగుడు తోట వైపు చెయ్యి చూపించింది. "ఆవిడ తెచ్చిందే తింటన్నాం. మేం కాకపోతే అత్తింటోరు ఎవరండీ? సారె బియ్యం వండుకుని ఊరికి పెట్టాలి గానీ నీళ్ళలో పోత్తారా ఎక్కడన్నా?"

ఇన్ని తరాలు మా ఊరివాళ్ళం చేసిన పని అదే. మా ఇళ్ళలో ఆడపిల్ల కొంగులో పోసిన బియ్యాన్ని ఎవరైనా వాకిట్లో పారబోస్తే ఊరుకుంటామా? కానీ అత్త మాట ఇంకోలా ఉంది. నడుమ ఎవరి చెయ్యీ పడొద్దంది. ఎటూ తేల్చుకోలేక ఫోన్ తీశాను. సిగ్నల్ రెండు గీతలుంది. వీడియో కలిపాను. నా భార్య ఎత్తి, అత్త మొహం ముందు పెట్టింది. అత్త ముందు నన్ను చూడలేదు, నా వెనక నీళ్ళు చూసింది.

"గదేనా?"

"గదే అత్తా." ఆ మనిషి అన్నదంతా చెప్పాను.

అత్త ఏమంటుందో అనుకునేలోపు చేపలామె నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "వొదినగారూ, బాగున్నారాండి" అంది.

వియ్యపురాలు వియ్యపురాలిని పిలిచే పిలుపు అది. పిల్లలు లేని మా అత్తను ఆ పిలుపుతో ఎవరు పిలుస్తారు? అత్త కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది.

"మంచిగున్న చెల్లె. ఒక మాట ముందే చెప్తున్న, దాచిపెట్టి పంపుడు నాకిష్టం లేదు. నేను ముత్తైదువను కాను. నా చేతి బియ్యం మీకు పనికొస్తదో రాదో నువ్వే చెప్పు."

కాదంటే ఆ డబ్బాతో నేను ఏ మొహం పెట్టుకుని నాందేడ్ పోవాలి?

"నాకూ మా ఆయన లేడండి. సముద్రం మీదికెళ్ళి రాలేదు, పన్నెండేళ్ళయింది. మా వాడలో ఇంటికొకరం ఉన్నామండి ఇలాగ. ఆ లెక్కలేసుకుంటే సారె పట్టే కొంగే ఉండదండి ఇక్కడ" అంది. ఫోన్ నాకిచ్చి, చేతులు చీరకు తుడుచుకుని, రెండు చేతులా కొంగు పరిచింది. చేపల వాసన, ఉప్పు మరకలు, చిన్న చిరుగు. "పొయ్యండి బాబూ. నేను చెయ్యెట్టను."

"అత్తా?" అన్నాను.

"పొయ్ రా" అంది అత్త. "ఫోన్ సక్కగ పట్టు, నాకు కనబడాలె."

ఫోన్ చిన్నకొడుకు పట్టుకున్నాడు. మూట ఒంపాను. పసుపు బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, ఆకుపచ్చ రవికగుడ్డ అన్నీ ఆ కొంగులో పడ్డాయి. బరువుకు ఆమె ఒక్క అడుగు ముందుకు తూలి నిలదొక్కుకుంది. ఫోన్‌లో నా భార్య ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"చెల్లె, ఇంకొకటి" అంది అత్త. "ఎండకాలం మా పిల్ల బక్కగ అస్తది. ఆమె తప్పు కాదు. మేమే ఆడ బంధారా కట్టి ఆపుకుంటున్నం. ఆమెను ఏం అనకుండ్రి."

చేపలామె అర్థంకాక నా వైపు చూసింది. గేట్ల సంగతి చెప్పాను.

"పుట్టింట్లోనూ ఉంటాయి కదండీ అవసరాలు" అంది. "ఎలాగొచ్చినా మా పిల్లేనండి. ఏవీ అనం. మీరు బెంగెట్టుకోకండి వొదినగారూ."

ఫోన్ అక్కడితో కట్ అయింది. అత్త పెట్టేసిందో, సిగ్నల్ పోయిందో తెలియదు.

ఆమె కట్టెల పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కించింది. నేను వంటవాణ్ణి కదా, చేయి వేయబోయాను. "పుట్టింటోరు కూర్చోవాలండి" అని చాప వేసింది. నా బతుకులో వంట జరుగుతుంటే ఊరికే కూర్చున్నది ఆ రోజే. ఇరుగుపొరుగు పదిహేనుమంది దాకా వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకూ "గోదారి పుట్టింటినుంచి సారొచ్చింది" అని చెప్పింది. అందరూ అది మామూలు మాటే అన్నట్టు విని, పళ్ళెం పట్టుకున్నారు. పసుపన్నం, రొయ్యల కూర. అన్నం కొంచెం మెత్తబడింది. నేనైతే ఇంకో గ్లాసు నీళ్ళు తగ్గించేవాణ్ణి. నోరు మూసుకుని తిన్నాను. వచ్చేముందు, ఒడిబియ్యంలో కొంత వెనక్కి పంపడం మా పద్ధతని చెప్పి, వండకుండా తీసి ఉంచిన బియ్యంలోంచి ఐదు గుప్పిళ్ళు ఆమె చేతితో మళ్ళీ మూటలో వేయించుకున్నాను, పుట్టింటికి.

మూడు గంటల గడువుకు ఇంకా పావుగంట ఉండగా, అన్నదమ్ముల పడవలో తిరిగొచ్చి, రొయ్యల బుట్టతో మా పడవెక్కాను. కెప్టెన్ బుట్ట చూశాడు, తేలికపడ్డ డబ్బా చూశాడు. చుట్ట ముట్టించుకుని లంగరు ఎత్తించాడు.

ఒడ్డు ఇంకా కనబడుతుండగానే ఫోన్ మోగింది. అత్త. గొంతు రోజూ ఉండే గొంతే.

"తిన్నవారా?"

"తిన్న."

"ఎన్నిసార్లు వడ్డించిండ్రు?"

"మూడుసార్లు. వద్దన్న గూడ ఇడువలే."

"మంచోళ్ళకే ఇచ్చినం" అంది అత్త.